నీలమ్మవ్వ ఉడకేసిన పిడికెడు పప్పు

వికారాబాద్‌లో నేను నడిపే ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో ఇవాళ పొద్దున పిడికెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. బయట ట్రాలీ ఆటోలో కొత్త వ్యాపారి పంపిన బస్తాలు ఉన్నాయి. డ్రైవర్ ఒకటి అప్పుడే దించేసి, మిగతావి దించమంటారా అన్నట్టు గుమ్మంలోకి చూస్తున్నాడు. మంచి కందిపప్పు ఉడుకుతుంటే ఆ కమ్మటి వాసన వీధిలోకి పోతుంది. ఇవాళ మూత తీసి ముక్కు పెట్టినా ఆవిరి తప్ప ఏమీ తగల్లేదు. ఆ లేని వాసనే నన్ను కందిపప్పుకు పేరుమోసిన తాండూరుకు, నీలమ్మవ్వ దుకాణానికి తీసుకుపోయింది.

డిగ్రీ అయ్యాక నేను మొదట పనిచేసింది అక్కడే. బజారులో పప్పులు, జొన్నలు అమ్మే పాత దుకాణం. భర్త పోయాక అవ్వే నడిపేది. పరమ పిసినారి. ఎండాకాలంలో కూడా గిరాకీ వస్తే తప్ప ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. పొట్లాల దారాలు ముడివేసి మళ్లీ వాడించేది. కానీ కొత్త బస్తా వస్తే మాత్రం పిడికెడు పప్పు తీసి వెనక గదిలో ఉడికించాల్సిందే. మెత్తగా ఉడికితే మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి మా అందరికీ అదే. ఉడక్కపోతే బస్తా వచ్చిన దారినే పోయేది. ఆమె పేరు చెబితే మిల్లువాళ్లు పళ్లు నూరేవారు.

ఒకరోజు ఒక కంపెనీ మనిషి టక్ చేసుకుని వచ్చాడు. విడి పప్పు మానేసి తమ ప్యాకెట్లు అమ్మితే లాభం రెట్టింపన్నాడు. ప్యాకెట్ మీద తాండూరు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, లోపల పప్పు తళతళ మెరుస్తోంది. అవ్వ ఒకటి చింపి నా చేతిలో పెట్టింది.

“గిది కంపెనీ మాల్ అవ్వా, ఉడకేసి జూసుడు అవసరం లేదు,” అని నవ్వాడతను.

“కంపెనీకి ఆకలైతదా? తినేటోళ్లు మనుషులే గద,” అంది అవ్వ.

పొయ్యి మీద పెట్టాను. మెరుపు కోసం పూసిన నూనె నీళ్ల మీద తేలింది. ఎంతసేపటికీ పప్పు గింజ గింజగానే ఉంది. అవ్వ దాన్ని రొట్టెతో పళ్లెంలో పెట్టి, “తిను కొడుకా,” అని అతని ముందుకు జరిపింది. పాపం, ఒక ముద్ద తిన్నాడు.

“అమ్ముడు పోతది అవ్వా. జనం మెరుపే జూస్తరు,” అన్నాడు. అందులో అబద్ధం లేదు.

“జనం జూసేది జూడని. నేను ఉడకేసి జూసిన గద, ఇగ ఎట్లమ్మాలె?”

ఆ ప్యాకెట్లు మా ఎదురుగా కొత్తగా తెరిచిన ఏసీ దుకాణంలోకి చేరాయి. మొదట్లో మా పప్పు కన్నా చౌకగా ఇచ్చారు. ఏళ్లుగా మా దగ్గర కొన్నవాళ్లు తల వంచుకుని రోడ్డు దాటేవారు. నాకు ఒళ్లు మండేది. “వాళ్లకే పట్టనిది మనకెందుకవ్వా? మనం గూడ గవే పెడ్దాం,” అన్నాను.

ఆమె కోప్పడలేదు. “పొద్దుగాల పనికి పోయేటోళ్లకు గియ్యన్ని జూసే తీరిక యాడిది బిడ్డా? వాళ్ల తరఫున జూసుడే మన పని,” అంది.

సరుకు చెడ్డదైతే కొనేవాళ్లుండరని, మార్కెట్టే దాన్ని బయటికి నెట్టేస్తుందని కాలేజీలో మాకు పాఠం చెప్పారు. మా బజారులో మూతపడింది మాత్రం అవ్వ దుకాణం. ఆ తర్వాత ఎదుటి దుకాణంలో ధర పెరిగింది, ప్యాకెట్ చిన్నదైంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, తగ్గించుకోవాలని కూడా లేదు.

మూసేసే ముందు ఆఖరి బస్తా దిగింది. అవ్వ ఎప్పటిలాగే గిన్నె అందుకుంది.

“దుకాణమే బందయితుంది, ఇంక ఎందుకవ్వా?” అన్నాను.

“దుకాణం బందయితే అయితది. కొన్నోళ్లు రేపు తింటరు గద.”

ఆ పప్పు వెన్నలా ఉడికింది. నేను ఏడుస్తూ తిన్నాను. అవ్వ పోయి కూడా చాలా కాలమైంది.

ఇవాళ గిన్నె దించి ఒక గింజ వేళ్ల మధ్య నలిపాను. నలగలేదు.

“బస్తా మీద తాండూర్ అనే ఉంది గద మేడం. మస్తు మెరుస్తుంది గూడ,” అన్నాడు డ్రైవర్.

పళ్లెంలో అన్నం పెట్టి, ఆ పప్పు పోసి అతని ముందుంచాను. “తిను తమ్మీ,” అన్నాను.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ లోపల బల్లల మీద వరసగా బోర్లించిన పిల్లల కంచాల వైపు చూశాడు. చెయ్యి కడుక్కుని, దించిన బస్తాను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.