ఎర్రగా మిగిలిన బిళ్ల

కోవిడ్ తగ్గిన తర్వాత వచ్చిన రెండో జనవరిలో నన్ను ఒక చిన్న యాత్రా ఓడకు చీఫ్ ఆఫీసరుగా వేశారు. ఓడలో కెప్టెన్ తర్వాతి హోదా అది. విశాఖపట్నం నుంచి చెన్నై దాకా తీరం వెంబడి, రేవులు లేని చోట్ల కూడా ఆగుతూ వెళ్లే యాత్ర. ప్రయాణికులు తొంభై మంది లోపే. నా ఉద్యోగానికి అది ఆఖరి సంవత్సరం. ఆగే చోట్లలో కృష్ణ సముద్రంలో కలిసే మొగ కూడా ఉందని చూసి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నేను పామర్రువాణ్ణి. ఎన్నో దేశాల రేవులు చూశాను గాని, మా కాలవల నీళ్లు చివరికి చేరే చోటును సముద్రం వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

అంతకుముందు నేను పనిచేసినవన్నీ పెద్ద క్రూయిజ్ ఓడలు. ఒక్కొక్క దాంట్లో మూడు నాలుగు వేల మంది ఉంటారు. ఈతకొలనులు, నాటకశాల, దుకాణాలు; ఓడే ఒక ఊరు. రేవులో దిగినవారు చెప్పిన వేళకు తిరిగి రావాలి. గుమ్మం దగ్గర కార్డు గీస్తే ఎవరు లోపలున్నారో కంప్యూటరు చెబుతుంది. రానివారి పాస్‌పోర్టును రేవులోని ఏజెంటుకు అప్పగించి మెట్లు తీసేస్తాం. ఇందులో కాఠిన్యం లేదు. ఒకరి కోసం ఆగితే తర్వాతి రేవులో ఓడకిచ్చిన చోటు తప్పిపోయి వేల మంది ఇబ్బంది పడతారు.

చిన్న ఓడ పద్ధతి వేరు. లోతు తక్కువైన చోటికి వచ్చి లంగరు వేస్తుంది. అక్కడి నుంచి మోటారు బిగించిన రబ్బరు పడవల్లో పదేసి మందిని ఒడ్డుకు చేరుస్తాం. ఒడ్డున ఏజెంటు ఉండడు, టాక్సీ ఉండదు. అందుకని గుమ్మం దగ్గర నంబరు బిళ్లల బోర్డు ఒకటి ఉంటుంది. దిగేవారు తమ బిళ్లను ఎరుపు వైపుకు, ఎక్కినవారు తెలుపు వైపుకు తిప్పాలి. ఒక్క బిళ్ల ఎర్రగా ఉన్నా ఓడ లంగరు ఎత్తదు.

కృష్ణ మొగ దగ్గర ఆగిన రోజు మా రెండు పడవల్లో ఒకదాని ఇంజను మొరాయించడంతో ఒక్క పడవతోనే నడిపాం. మడ అడవి చూపించి, మొగ పక్కనున్న జాలరిపేటలో కాసేపు తిప్పి, మధ్యాహ్నానికల్లా అందరినీ చేర్చాలి. ఆలస్యమైతే పాటు మొదలై నీరు తీస్తుంది. మొగ లోపలి ఇసుక మేట మీద పడవ కదలదు.

ఒడ్డు బాధ్యత నాది. ఆఖరి జట్టు పడవ కోసం నిలబడి ఉంది. ఓడ నుంచి రేడియోలో ప్రయాణికుల బిళ్లలు పదకొండు ఎర్రగా ఉన్నాయన్నారు. నా ముందున్నది పదిమంది. లేనిది విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి నుంచి వచ్చిన అన్నపూర్ణ గారు. ఆమె భర్త శేషగిరిరావు గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన అప్పటికే ఓడెక్కేశారు. రేడియోలో పిలిపిస్తే ఆయన గొంతు వినిపించింది.

“పొద్దున టిఫిను దగ్గర మాటా మాటా అనుకున్నామండీ. తిరిగొచ్చేటప్పుడు నీతో పడవెక్కనంది. తర్వాతి విడతలో వస్తోందనుకున్నా.”

అరవై దాటిన మనిషి. ఒకవైపు మడ అడవి, బురద కాలవలు; ఇంకోవైపు సముద్రం. ఆమె ఏమైందో చెప్పగలవారు లేరు. మనసులో ప్రార్థించుకుంటూ, పేరు పిలుస్తూ కాలవ గట్టున వెతికాను. పేటలో చేపలు ఆరబెడుతున్న నాగమణి అనే ఆమెను అడిగితే, “ఏమోనండీ, నాకేం తెల్దు” అని తల దించుకుంది.

ఈలోగా పడవ తిరిగి వచ్చింది. స్ట్రెచరుతోపాటు శేషగిరిరావు గారు కూడా దిగారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. పద్ధతి ప్రకారం ఉన్నవారిని ముందు పంపేయాలి. పదిమందినీ ఎక్కమన్నాను. ఎవరూ కదల్లేదు. ఆటోనగర్లో విడిభాగాల వ్యాపారం చేసే ఒకాయన, “మీరెళ్లి చూడండి సార్. బెజవాడ వాళ్లకి ఎండ కొత్తా?” అన్నాడు. ఆయన భార్య, “ఆవిడ లేకుండా వెళ్లి అన్నం ఎట్లా తింటామండీ” అంది. ఆజ్ఞగా చెబితే ఎక్కేవారేమో. నేను రెండోసారి చెప్పలేదు.

నాగమణి శేషగిరిరావు గారిని పైనుంచి కిందకు చూసింది.

“ఆవిడ గారి ఆయన మీరేనా? పోట్లాడింది మీతోనేనంట గదా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. మిమ్మల్ని చూస్తే ఏడుపొచ్చేట్టుంది. రండి.”

అన్నపూర్ణ గారు ఆ ఇంటి వెనక నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఒంటికి దెబ్బేమీ తగల్లేదు. కాలవ దగ్గర జారి నడుం దాకా బురదలో పడ్డారట. నాగమణి స్నానం చేయించి, తన చీర ఇచ్చి, ఆమె పట్టుచీర ఉతికి దండెం మీద వేసింది. అది ఆరేదాకా కదలనని ఆమె పట్టు.

“ఈ అవతారంతో అంతమంది ముందుకి ఎట్లా వస్తానండీ?” అన్నారు నాతో. భర్త వైపు చూడలేదు.

ఆయన దండెం మీది పట్టుచీరను, ఆమె కట్టుకున్న చీరను చూశారు. తర్వాత, “ఈ పచ్చరంగు నీకు బాగుందే” అన్నారు.

“ఇన్నేళ్లకి నా చీర రంగు కనపడిందా?” అని ఆమె కళ్లు తుడుచుకుని లేచారు.

చీర తిరిగి పంపుతానంటే నాగమణి నవ్వింది. “ఎందుకమ్మా? మీ పట్టుచీర నా దగ్గరుంది గదా. నాకేం నష్టం!”

మేం ఆలస్యం చేశాం. ఇసుక మేట మీద పడవ కూర్చుండిపోయింది. పేట కుర్రాళ్లను కేకేద్దామని నేను అటు తిరిగేసరికి విడిభాగాల ఆయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగేశాడు. మోకాలి లోతే. ఆయన వెనక ఒకరొకరుగా అందరూ దిగారు, ఆయన భార్యతో సహా. అన్నపూర్ణ గారు కూడా దిగబోతే శేషగిరిరావు గారు ఆపారు. “నువ్వు కూర్చో. అరువు చీర.” అందరూ నవ్వుతూ తోశారు. ఓడ చేరేసరికి ఆ పడవలో బురద అంటని మనిషి ఆమె ఒక్కరే. ఆమె తన బిళ్లను తెలుపు వైపుకు తిప్పాక లంగరు ఎత్తాం.

ఆలస్యానికి కారణం రాసి కెప్టెన్‌కు ఇచ్చాను. తర్వాతి మజిలీ నుంచి, జంటగా దిగినవారు జంటగానే ఎక్కాలని సూచనల్లో చేర్చాం.

మా చర్చి సంఘంలో, యేసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ మీద చాలాసార్లు వాక్యం చెప్పాను. ప్రతిసారీ వెతికిన కాపరి గురించి, దొరికిన గొర్రె గురించే చెప్పాను. ఆగి ఉన్న మిగతా మంద గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ రోజు వెతకడం నా ఉద్యోగం. అందుకు నాకు జీతముంది. ఎండలో నిలబడిన ఆ పదిమందికి ఆగవలసిన పని లేదు. వాళ్లు ఆగారు, ఆగినందుకు బురదలో దిగారు. ఇప్పుడు ఆ వాక్యం నా వంతుకు వచ్చినప్పుడు మంద దగ్గరే మొదలుపెడతాను.