కమాన్లకు బరువు

బొంబాయి కామాటిపురా తెలుగు గల్లీల్లో మొట్టమొదట లారీ లైసెన్సు సంపాదించినవాడు మా రాపెల్లి సాయన్న. మూడుసార్లు తప్పి నాలుగోసారి నెగ్గాడు. పూనా ఘాటు ఎక్కించినవాళ్లలోనూ మావాడే ముందు. ఇప్పుడు యాభై దాటాయి, చూపు మందగించింది. తను నడిపే సేటు లారీ పోతే ఇంకెవరూ స్టీరింగు చేతికివ్వరు. వెనక బరువు మోసే ఇనుప పట్టీల, అంటే కమాన్ల రబ్బరు బుష్‌లు అరిగి లారీ తోకాడిస్తూ పోతుంటే, సాయంత్రానికి బాగుకాకపోతే భంగారుకు, పాత ఇనుము కింద, అమ్మేస్తానన్నాడు సేటు.

ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన వెల్లకిలా పడుకుని సాయన్న పాతవి కాల్చి పీకాడు, కొత్తవాటికి సబ్బునీళ్లు పూసి దిగగొట్టాడు. ఆ తొందరలో బండి జాకీ మీదుండగానే బోల్టులు బిగించేశాడు. కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి కిర్రుమంది. బోల్టులు వదులు చేసి, కమాన్లు బరువుకు కుంగాక మళ్లీ బిగించాలి. బాగయ్యేదాకా సేటు సరుకెక్కించడు.

భార్య మంగళ తాముండే చాల్ గదుల వరస వైపు తిరిగి, "అందరొచ్చి లారెక్కుండ్రి, ఊకె కూసునుడే పని," అని పిలిచింది.

"నా ఒక్కదాని బరువు సాలదారా?" అంది పక్కింటి బుచ్చవ్వ, ఎక్కుతూ.

"నువ్వెక్కితె కొత్తయి గూడ అరుగుతయ్ పెద్దమ్మా," అన్నాడు సాయన్న కిందినుంచి, నవ్వకుండా.

చాల్‌లోవాళ్లంతా ఎక్కి కూర్చున్నాక పానా తిప్పాడు. ఈసారి చప్పుడు రాలేదు. సేటు బండి చుట్టూ తిరిగి, "ఒక్క ట్రిప్పు చూస్తా," అన్నాడు. హైదరాబాదు సరుకు దించి ఎనభై నాలుగు, నవంబరు పద్దెనిమిదికల్లా సాయన్న తిరిగొస్తే బండి అమ్మకం ఆగినట్టే.