కొవ్వూరు మాస్టారి కాట్రిడ్జ్

2023 వేసవి. రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో నేను రిపేరు షాపు పెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లయింది. టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. అటకల మీది రికార్డు ప్లేయర్లను జనం మళ్లీ కిందికి దింపడం మొదలుపెట్టాక ఆ పనీ నా దగ్గరికి రాసాగింది.

ఒకరోజు పదకొండు గంటల వేళ కొవ్వూరు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటుంది, పేరు సత్యవతి. సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద జాగ్రత్తగా విప్పింది. లోపల రికార్డు మీద వాలే ప్లేయర్ చేతికి చివర ఉండే ముక్క, దానికి బిగించిన కాట్రిడ్జ్ ఉన్నాయి. రికార్డు గాడిలో నీడిల్ పొందే కదలికను కరెంటుగా మార్చేది ఈ కాట్రిడ్జే. నీడిల్‌ని పట్టుకుని ఉండే సన్నటి గొట్టాన్ని కాంటిలివర్ అంటాం, అది తలవెంట్రుక కంటే కాస్త లావు, అంతే. అది విరిగిపోయింది. అంతవరకైతే నీడిల్ భాగం ఒక్కటే మార్చేవాణ్ణి. కానీ కాట్రిడ్జ్ లోపలికంతా గమ్ము పాకి గడ్డకట్టింది.

"గమ్ము ఎవరు వేశారమ్మా?"

"నేనేనండి. గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే తగిలి విరిగింది. మాది చేపలు పట్టే కుటుంబం, వల తెగితే మేమే అల్లుకుంటాం. ఇదీ అతుక్కుంటుందేమో అనుకున్నానండి."

ఆవిడ పదకొండేళ్లుగా రామలింగం మాస్టారింట్లో వంట చేస్తోంది. ఆయన రిటైరైన సంగీతం మాస్టారు, ఒంటరివారు. నీటికాసుల జబ్బుతో చూపు పోయి ఆరేళ్లయింది. పొద్దున్నే కాఫీ తాగాక ఒక వయొలిన్ రికార్డు వినడం ఆయన అలవాటు.

"ఆయనకేం చెప్పావు?"

"ఫ్యూజ్ పోయిందన్నానండి. మీరూ ఆ మాటే చెప్పండి. నా చేతి పనంటే ఆయనకు నమ్మకం. అది పోతే ఆ ఇంట్లో తిరగలేనండి."

కాదనలేక సరేనన్నాను. అదే కాట్రిడ్జ్ ఇప్పుడు తయారవడం లేదు. సరిపోయే వేరేది చెన్నై నుంచి తెప్పించడానికి వారం పట్టింది. కాట్రిడ్జ్‌కి వెనక నాలుగు సన్నటి వైర్లు వస్తాయి. పాతవి పెళుసెక్కి ఒకటి ముట్టుకోగానే ఊడింది. కాట్రిడ్జ్ పిన్నుల మీదే సోల్డరింగ్ పెడితే ఆ వేడికి లోపలి తీగచుట్లు దెబ్బతింటాయి. అందుకని నాలుగూ కొత్త వైర్లు ముందుగా తయారుచేసి, తర్వాత పిన్నులకు తొడిగాను. కొత్త కాట్రిడ్జ్ బరువు వేరు కాబట్టి చేతిని మళ్లీ బ్యాలెన్స్ చేయాలి, అది ప్లేయర్ దగ్గరే కుదురుతుంది. మర్నాడు పొద్దున్నే వంతెన దాటి కొవ్వూరు వెళ్లాను.

మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. నా అడుగుల చప్పుడు వైపు మొహం తిప్పి, "ఫ్యూజ్ దొరికిందా అండి?" అన్నారు.

"దొరికిందండి" అన్నాను. చూపులేని మనిషికి అబద్ధం చెప్పడం ఇంత సిగ్గుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

బుల్లి తూకంతో నీడిల్ రికార్డు మీద మోపే బరువు రెండు గ్రాములకు సరిచేసి, కోణం చూసుకుని, రికార్డు పెట్టాను. ఒక వైపు పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. వంటింటి గుమ్మంలో సత్యవతి తడిచేతులు తుడుచుకోకుండానే నిలబడిపోయింది.

"ఫ్యూజ్ మారిస్తే తీగ మీద కమాను రాపిడి కూడా ఇంత స్పష్టంగా వినిపిస్తుందా అండి?" అన్నారు మాస్టారు.

సత్యవతే ముందుకొచ్చింది.

"నీడిల్ నేనే విరగ్గొట్టానండి. అతికిద్దామని గమ్ము పూశాను. ఈయన్ని ఫ్యూజ్ అని చెప్పమన్నదీ నేనేనండి."

"ఆ రోజే స్విచ్ వేసి చెయ్యి పెట్టి చూశానమ్మా. రికార్డు పెట్టే పళ్లెం తిరుగుతోంది. ఫ్యూజ్ పోతే ఎలా తిరుగుతుంది?"

"మరి అడగలేదేంటండి?"

ఆయన కుర్చీ చెక్క నిమిరారు. "అడిగితే నొచ్చుకుని పని మానేస్తావేమోనని భయమేసింది. రికార్డు లేకపోయినా నాకు రోజు గడుస్తుంది. నువ్వు లేకపోతే గడవదు."

ఆవిడ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "వారం రోజులుగా కంటిమీద కునుకు లేదండి నాకు" అంది.

"నాకు మాత్రం ఉందా? రెండోవైపు పెట్టమ్మా" అన్నారాయన.

మళ్లీ విరుగుతుందేమోనని ఆవిడ వెనక్కి జరిగింది. చేతిని పైకెత్తే లివర్ చూపించి, వేళ్లు నీడిల్‌కి తగలకుండా ఎలా దించాలో చెప్పాను. మూడోసారికి నాకంటే మెత్తగా దించింది. అదే రోజు మాస్టారికి నేనూ క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన కాఫీ ఇప్పించి పంపారు.

వస్తువు పాడైనప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరి గురించి ఒకరు ఎంత భయపడతారో ఆ కేసులో చూశాను. ఆ తర్వాత ఎవరి అబద్ధంలోనూ పాలుపంచుకోలేదు. ఎవరైనా ఇంట్లో తెలియకూడదంటే, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ముందు ఇంటికి ఫోన్ చేసి చెప్పమంటాను. గొణుగుతూనే చేస్తారు. ఫోన్ పెట్టేశాక చాలామంది మొహంలో, నేనింకా స్క్రూడ్రైవర్ పట్టకముందే, సగం రిపేరు అయిపోయినట్టు కనిపిస్తుంది.