అత్తయ్య కుట్టిన కారు

మా అత్తయ్య ముప్పయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్లకు సీట్లు కుట్టింది. అందరి కార్లలోనూ కూర్చుని కుట్టు సరిచూసుకునేదే గాని, స్టీరింగు తిప్పి ఎరగదు.

ఒకాయన తన పాత స్పోర్ట్స్ కారును సీట్ల కోసం ఆమె షెడ్డులో వదిలి, ఆ ఏడే కాలం చేశాడు. రెండే సీట్లున్న బుల్లి కారు. అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది, ఇంజను బిగుసుకుపోయింది. ఆయన కూతురు వచ్చి చూసి, "ఈ తుక్కు నేనేం చేసుకోను ఆంటీ? మీరే ఉంచుకోండి," అని కాగితాల మీద సంతకం చేసిచ్చేసింది.

మామయ్య తల పట్టుకున్నాడు. "మిషను తొక్కే కాలికి ఇప్పుడు క్లచ్చు కావాల్సొచ్చిందా?"

"కాలు అదేగా, తొక్కుడే వేరు," అంది అత్తయ్య.

కారును బాగుచేసుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. వీధి చివరి మెకానిక్‌కు సీట్లు కుట్టిపెట్టి, బదులుగా ఇంజను బాగుచేయించింది. దొరకని భాగాలు లేతు షాపులో చేయించింది. తుప్పు మాత్రం తనే గీకింది. గోళ్ళ సందుల్లో ఎర్రపొడి ఎంత కడిగినా పోయేది కాదు. పైకప్పు గుడ్డ కుట్టి, బకెట్లతో నీళ్ళు పోసి చూసి, చుక్క కారినా విప్పేసి మళ్ళీ కుట్టేది. యాభై ఎనిమిదో ఏట, రెండో ప్రయత్నంలో, లైసెన్సు తెచ్చుకుంది.

పాతకార్ల ప్రదర్శనకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళింది. మార్కులు వేసే పెద్దమనిషి సీటు మీద వేలు పెట్టి, "ఒరిజినల్‌లో ఒంటి కుట్టమ్మా. మీది జంట కుట్టు. మార్కులు తగ్గుతాయి," అన్నాడు.

"ఒంటి కుట్టు రెండేళ్ళకే విచ్చిపోద్ది సార్. నేను కూర్చోడానికి కుట్టుకున్నా, చూడ్డానికి కాదు."

ఆయన నవ్వాడు గాని మార్కులు కలపలేదు. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు. "పదవే, గాలి పోసుకుంటూ పోదాం," అని పైకప్పు వెనక్కి మడిచేసింది.

కొండదారి మలుపుల్లో ఇంజను గొంతు మారేలోపే గేరు మార్చేది. పలచటి గుడ్డ కుట్టేటప్పటిలాగే, పెడలు మీద పాదం నొక్కీ నొక్కనట్టుంది. ఆమె చేతుల్లో ఇంత వేగం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటి దగ్గర మామయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. "బహుమతేదీ?"

"రాలేదు. ఎక్కండి, వీధి మలుపుదాకా వెళ్ళొద్దాం."

"నా మోకాళ్ళకి అంత కిందికి వంగే ఓపిక లేదు. ఎక్కుతా గాని, దింపే పూచీ నీదే."

నేను దిగి చోటిచ్చాక, ఇద్దరం చెరో చెయ్యి పట్టి ఆయన్ని కూర్చోబెట్టాం. మలుపుదాకా అని వెళ్ళినవాళ్ళు గంటన్నరకు గాని తిరిగి రాలేదు.