తొమ్మిదో నంబరు చొక్కా

స్టేడియం గ్యాలరీ కింద, మెట్ల వాలుకి ఆనుకుని ఒక పొడవాటి గది ఉంది. పైన వేలమంది కాళ్లు తాటించి అరుస్తుంటే, కింద రెండు పెద్ద వాషింగ్ మెషీన్లు గడగడలాడుతుంటాయి. ఆ గది సబ్బు బాబాయిది. అసలు పేరు జీతాల కాగితంలో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, క్లబ్బు మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలా అతని దాకా అందరికీ ఆయన బాబాయే. ముప్పై ఏళ్లుగా ఫుట్‌బాల్ ఆటగాళ్ల బట్టలు ఉతుకుతూ కూడా ఒక్క మ్యాచ్ కళ్లారా చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఆట జరిగేటప్పుడే ఆయనకి చేతినిండా పని మరి. గోల్ పడిందో తప్పిందో నెత్తిమీది గోలే చెప్పేది, మిగతాది బట్టలు చెప్పేవి.

మెషీన్లో వేసే ముందు ఒక్కో చొక్కా తిరగేసి, మోచేతులు, భుజాలు, పొట్ట భాగం చూసి వేరుచేయడం ఆయన పద్ధతి. గడ్డి పసరు ఒక గుట్ట, మట్టి ఒక గుట్ట, రక్తం ఒక గుట్ట. నిక్కర్లూ మేజోళ్లూ అందరివీ కలగాపులగంగా వస్తాయి, నంబరున్న చొక్కా ఒక్కటే మనిషిని పట్టిస్తుంది. ఎవడు ప్రాణం పెట్టి ఆడాడో, ఎవడు ఒళ్లు దాచుకున్నాడో చొక్కా చూసి చెప్పేవాడు. ఆ మాటకి గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో తిరుగు లేదు. మ్యాచ్ మర్నాడు పొద్దున్నే అభిమానులు అక్కడ చేరేవాళ్లు. పక్కనే తాళాలు బాగుచేసుకునే ఆయన వాళ్లకి పెద్ద. బెంచీ మీద బాబాయికి చోటు ఆపి, టీ చెప్పి, "ఇక చెప్పు బాబాయ్" అనేవాడు.

ఆ ఏడు పేపర్లో తొమ్మిదో నంబరు ఆటగాడి జీతం పడింది. తాళాలాయన దాన్ని అందరికీ చదివి వినిపించాడు. తను జీవితమంతా తాళాలు బాగుచేసినా ఆ ఆటగాడి ఆర్నెల్ల జీతం కాదట. ఆ రోజు నుంచి కొలతలు మారిపోయాయి. నిన్నటిదాకా గోల్ తప్పితే "అయ్యో" అన్న నోళ్లే ఇప్పుడు "మన టికెట్ డబ్బులు మింగుతున్నాడు" అనడం మొదలుపెట్టాయి. పాపం, అప్పటికే అతనికి మోకాలు దెబ్బతిని ఉంది. నయమైందని క్లబ్బువాళ్లు చెప్పారు గానీ కాలు మునుపటిలా సాగడం లేదు. వరసగా మూడు మ్యాచ్‌లు ఒక్క గోల్ లేదు.

సరిగ్గా అప్పుడే అతని చొక్కా శుభ్రంగా రావడం మొదలైంది. తడిగా ఉండేది, మరక మాత్రం ఉండేది కాదు. ఉప్పు వాసన బదులు కమ్మటి వాసనేదో వచ్చేది. బాబాయి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఇంకాస్త ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ మర్నాడు పొద్దున బెంచీ నిండా జనం, అందరి చూపూ తన మీదే.

"తొమ్మిదో నంబరు చొక్కా ఉతకనక్కర్లేదయ్యా. ఇస్త్రీ చేసి మళ్లీ ఇచ్చెయ్యొచ్చు. పెద్ద జీతాలోళ్లకి చెమట కూడా సెంటు వాసనే" అన్నాడు.

కొట్టు కొట్టంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వు బాబాయికి బాగా రుచించింది. ఇంటికెళ్లి భార్యకి కూడా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఈ మాట అతని తల్లి చెవిన పడితే ఎలా ఉంటుందని అడిగి ఊరుకుంది.

తరవాతి మ్యాచ్‌కి అభిమానులు తెల్ల చొక్కాలు హ్యాంగర్లకి తగిలించుకుని గ్యాలరీలోకి వచ్చారు. అతను బంతి తాకితే చాలు, "ఇస్త్రీ దొర, ఇస్త్రీ దొర" అని ఒకటే గోల. కిందపడి దొర్లితే నటన అన్నారు. అతని చొక్కాకి మట్టి అంటిందో లేదో చూసే ఓపిక ఒక్కరికీ లేదు. బాబాయి చెప్పాక ఇంక చూడ్డమెందుకు? కింద గదిలో బాబాయి తన మాటని వేల గొంతుల్లో విన్నాడు. గర్వంగానే అనిపించింది. అలా నాలుగు వారాలు గడిచాయి.

ఆ సీజన్ చివరి మ్యాచ్‌కి ముందు వారంలో రెండు ఆటలు పడ్డాయి. బట్టలు త్వరగా ఆరాలని బాబాయి తనే బుట్ట తెచ్చుకోవడానికి ఆటగాళ్ల గదికి వెళ్లాడు. అందరూ బస్సెక్కేశారు. తొమ్మిదో నంబరు ఒక్కడే చొక్కా లేకుండా వాష్ బేసిన్ మీదికి వంగి ఉన్నాడు. చేతులు కడుక్కునే సబ్బుతో చొక్కా ఉతుకుతున్నాడు. బేసిన్లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఏమైందంటూ బాబాయి దగ్గరికి పరిగెత్తాడు. ముక్కులోంచి వచ్చిందని ఆ అబ్బాయి అబద్ధమాడబోయి, అంతలోనే మళ్లీ నెత్తురు కక్కుకున్నాడు. తుడుచుకుని, గోడకి జారగిలబడి మెల్లగా చెప్పాడు. మోకాలి నొప్పి తెలియకుండా పూటకి నాలుగేసి మాత్రలు వేసుకుంటున్నాడు, వాటితో కడుపు పుండైపోయింది. మరక ఒక్కచోటే ఉతికితే తెలిసిపోతుందని చొక్కా అంతా ఉతికేస్తున్నాడు.

"డాక్టరుకి చెప్పలేదా బాబూ?"

"చెప్తే కూర్చోబెడతారు. కూర్చుంటే ఊరికే జీతం తింటున్నాడంటారు. ఇప్పుడనేది చాలదా?"

బాబాయి తల ఎత్తలేకపోయాడు. "ఆ మాట ముందు అన్నది నేనే."

"తెలుసు బాబాయ్, గేటు దగ్గర చెప్పారు. విన్నాక ధైర్యం వచ్చింది నాకు. మీరే కనిపెట్టలేదంటే ఇంకెవరూ కనిపెట్టలేరనుకున్నా."

ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ముప్పై ఏళ్లు చెమటకీ సబ్బునీళ్లకీ తేడా తెలిసిన ముక్కు తనది. ఆ రోజు కూడా తెలిసింది, నాలుగు నవ్వుల కోసం తెలియనట్టు ఊరుకున్నాడు. ఇవాళే ఆస్పత్రికి పోదామని బతిమాలాడు. ఆ అబ్బాయి వినలేదు. చివరి మ్యాచ్ చూడ్డానికి వేరే క్లబ్బువాళ్లు వస్తున్నారట. ఒంట్లో బాగాలేదని పొక్కితే తనని ఎవరూ తీసుకోరు. ఆట అయిన వెంటనే ఆస్పత్రికి వస్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అని చెయ్యి చాపాడు. బాబాయి చేతిలో చెయ్యి వేశాడు. ఆపైన ఆ చొక్కా అందుకుని, చన్నీళ్లలో తనే ఉతికాడు.

చివరి మ్యాచ్‌లో అతను సగం ఆట కూడా పూర్తి చెయ్యలేక కుంటుకుంటూ బయటికొచ్చాడు. అతను గదిలోకి వెళ్లేదాకా హ్యాంగర్లు ఊపుతూనే ఉన్నారు. సాయంత్రం బాబాయే ఆటోలో తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చాడు. మర్నాడు పొద్దున ఆపరేషన్ గదికి తీసుకెళ్లేముందు కూడా ఆ అబ్బాయి గుర్తుచేశాడు, ఎవరికీ చెప్పొద్దని. నెల ముందు తీసుకొచ్చి ఉంటే మందులతో పోయేదని డాక్టరు కసిరాడు. మళ్లీ ఆడగలడా అని అడిగితే, ముందు బతకనివ్వండి అన్నాడు.

నర్సు గంట తరవాత రమ్మంది. బాబాయి ఉండబట్టలేక టీ కొట్టుకి నడిచాడు. బెంచీ మీద ఆయన చోటు అలాగే ఉంది. చొక్కా సంగతేమిటని తాళాలాయన అడిగాడు.

"నేను చెప్పింది తప్పయ్యా. ఆ చొక్కాలు మట్టి కొట్టుకునే వచ్చాయి. అందరికన్నా ఎక్కువ ఆడింది అతనే. నేనే సరిగ్గా చూళ్లేదు."

తాళాలాయన గ్లాసు కింద పెట్టి, బాబాయిని ఎగాదిగా చూశాడు.

"ఎంత ముట్టింది బాబాయ్?"

కొట్టు కొట్టంతా నవ్వింది. అచ్చం ఆ రోజు నవ్వినట్టే. ఎర్రనీళ్ల సంగతి బాబాయి నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో వేసిన చెయ్యి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి దొంగ దొరికాడనుకుని వాళ్లు ఇంకా నవ్వారు. ఆ నవ్వు వాళ్లకి అలవాటు చేసింది తనే. టీ అలాగే వదిలేసి లేచి, ఆస్పత్రి దారి పట్టాడు.