అవాస్ట్ అనే కేక

2013 ఫిబ్రవరి 11, సోమవారం. గల్ఫ్ రేవు జెబెల్ అలీలో మా యార్డు. హాజరు: ఓడల్లో తల నెరిసిన ఇంగ్లీషాయన, మా యార్డు అధిపతి అయిన కెప్టెన్; క్రేన్ ఆపరేటర్ ఖాన్; అమలాపురం మనిషి, రిగ్గర్ సత్తిబాబు; సేఫ్టీ ఆఫీసరుగా నేను.

సరుకుకు స్లింగులనే పట్టీలు కట్టి క్రేన్ కొక్కేనికి తగిలించేవాడు రిగ్గర్. లేపమనీ దించమనీ సైగ చేసేది అతనొక్కడే. ఆపమని మాత్రం ఎవరైనా అరవవచ్చు. చాలు, ఆపు అనే అర్థంలో వాడే బస్, ఖలాస్, స్టాప్ మాటలు మాకు టీ దగ్గర కూడా వినిపించేవి. అందుకని మరి దేనికీ వాడని మాటొకటి కెప్టెన్ ఏర్పాటు చేశాడు: అవాస్ట్. తెరచాప ఓడల మీద తాళ్లు లాగేవాళ్లను ఆపే పాత కేక అది. "గట్టిగా పట్టుకో" అనే డచ్చి మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వదిలేయమని కాదు, ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచమని. క్రేనుకు కావలసిందీ అదే.

ఆ రోజు పైపుల కట్ట మనిషెత్తు లేచాక సత్తిబాబు "అవాస్ట్!" అని అరిచాడు. ఖాన్ అక్కడికక్కడే ఆపాడు. మనుషులను దూరంగా పంపి, కట్ట దించి, స్లింగు తిప్పి తిప్పి చూశాం. ఎక్కడా చిరగలేదు. కుట్టు మీద గ్రీజు గీత దూరానికి తెగినట్టు కనిపించిందంతే. ఆ నెలలో అతనికిది రెండోసారి.

"గ్రీజుకే డర్ గయా, సత్తీ భాయ్? ఇంత భయమా?" అని ఖాన్ నవ్వాడు.

"పైన కూకుని ఎన్నైనా అంటావు సాబూ, కింద నిలబడి చూడు," అన్నాడు సత్తిబాబు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "రాసేత్తారా సార్? క్రేన్ పని తీసేత్తే నన్ను ఇంటికి పంపేత్తారండి."

నేను రాశాను. రెండు తప్పుడు కేకలకు క్రేన్ పని నుంచి తప్పించాలన్న కాగితం, నిబంధన సంఖ్యతో సహా, కెప్టెన్ బల్ల మీద పెట్టాను. ఆయన సంతకం చేయలేదు. రేపు మీరూ రిగ్గర్లతో నిలబడండి అన్నాడు.

మర్నాడు ఉదయం కెప్టెన్ చిన్న బరువును అడుగెత్తు లేపించి, ఏ కారణమూ లేకుండా అరవమని మొదట నన్నే అడిగాడు. అందరూ చూస్తుంటే అరవబోయి దగ్గాను. రెండో ప్రయత్నానికి అరిచాను. ఖాన్ ఆపాడు, నవ్వలేదు. కాగితం తిరిగి నా చేతికొచ్చింది.

పొరపాటున అరిచినవాణ్ణి శిక్షిస్తే, నిజంగా అరవవలసిన రోజున ఎవరూ నోరు విప్పరు. ఆ నిబంధన రాసింది నేనే. ఆ పూటే కొట్టేశాను. అప్పటికి సత్తిబాబు రెండో కట్టకు స్లింగు బిగిస్తున్నాడు.