లాంచీలో పిల్లల బంతి

మా మామ బిక్షపతి అన్నం తినడం చూడాలంటే కళ్లు ఆర్పకూడదు. వంటింటి గడప దగ్గర నిలబడి, బస్సు కదిలిపోతోందన్నంత తొందరగా తింటాడు. అత్తమ్మ సారక్క ఆయన పళ్లెంలో కూర వేసి, మజ్జిగ గిన్నె కోసం వెనక్కి తిరిగేలోపు చెయ్యి కడుక్కుంటూ కనిపిస్తాడు. పెళ్లయి కొత్తగూడెం వచ్చిన కొత్తలో, నా వంట నచ్చక అలా మింగేస్తున్నాడేమో అనుకుని లోపల్లోపల ఉడికిపోయాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు మొహం మీదే అడిగేశాను.

"వంటకేమైంది నవతా, మంచిగనే ఉంది. బాయిల తినే అలవాటు బిడ్డా. ఆడ ముచ్చట్లు పెట్టుకుంట తింటే పని ఎవలు చేస్తరు?" అన్నాడు.

బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. మామ పని చేసింది భూగర్భ గనిలో. తలమీది కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. ముంజేతుల మీద పాత గాయాల్లో ఇరుక్కున్న బొగ్గు ఇప్పటికీ నీలం గీతల్లా కనిపిస్తుంది. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. పిల్లలు లేచేసరికి ఆయన ఇంట్లో ఉండడు. ఉంటే నిద్రలో ఉంటాడు. "నాయిన పండుకున్నడు, సప్పుడు చెయ్యకు" అంటూ అత్తమ్మ కొడుకును బయట అరుగు మీద కూర్చోబెట్టి తినిపించేది. ఆ కొడుకే మా ఆయన ప్రేమ్‌సాగర్. వాళ్ల నాన్న పక్కన కూర్చుని తిన్న పూట తనకు ఒక్కటీ గుర్తు లేదంటాడు. పెళ్లిళ్లలోనన్నా కూర్చుందామంటే, అక్కడ మామ చేతిలో పప్పు బకెట్టు ఉండేది. కాలనీలో ఎవరింట్లో శుభకార్యమైనా వడ్డనకు ముందుండేది ఆయనే, ఆఖరి బంతిలో కూర్చునేదీ ఆయనే.

అలాంటి మామ కిందటేడు రిటైరయ్యాడు. శాలువా, దండ, స్వీటు ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చి, అవన్నీ మంచం మీద పడేసి అందరినీ పిలిచాడు.

"అందరం కలిసి లాంచీ మీద పాపికొండలు పోదాం. రాత్రికి ఆడనే ఉందాం. నా మనుమడు ఒకదిక్కు, మనుమరాలు ఒకదిక్కు కూసోవాలె. నడుమ నేను కూసోని బువ్వ తినాలె. ఇంకేం అడగ మిమ్ముల."

"ఇంట్ల తినొద్దన్నరా?" అంది అత్తమ్మ.

"ఇంట్ల నడుమ టీవీ కూసుంటది" అన్నాడు మామ.

మాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. అప్పుడే లాంచీ మనిషి పోతయ్యకు ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టి మాట్లాడటం ఆయనకు అలవాటు కాబట్టి రెండు వైపులా వినబడింది. లాంచీలో రాత్రి భోజనం రెండు బంతులట. పొద్దు గూకకముందే పిల్లల బంతి. డ్యాన్సు ప్రోగ్రాం అయ్యాక పెద్దవాళ్ల బంతి.

"మీ పిల్లలను దేంట్ల వెయ్యమంటరు?" అన్నాడు పోతయ్య.

"అందరిని సెకండ్ షిఫ్టుల వెయ్" అన్నాడు మామ.

చిక్కుడుకాయలు ఒలుస్తున్నదాన్ని చాట పక్కకు నెట్టి లేచాను. మా చిన్నది భవానికి మూడేళ్లు. చీకటి పడితే చాలు, ఎక్కడున్నది అక్కడే పడి నిద్రపోతుంది. ఆకలితో పడుకుందంటే నడిరాత్రి లేచి కాలనీ మొత్తాన్ని లేపుతుంది. పెద్దవాడు రాజు ఇంకా నయం, ముద్ద బుగ్గన పెట్టుకుని నిద్రపోతాడు. ఈ ఇద్దర్నీ డ్యాన్సు ప్రోగ్రాం దాకా ఆకలితో కూర్చోబెట్టాలట!

"కుదరదు మామా. పిల్లలు పిల్లల బంతిలనే తింటరు" అన్నాను.

"నీళ్ల మీద పిల్లలకు నిద్ర పట్టదు బిడ్డా."

"మీకెట్ల తెలుసు? మీరెప్పుడన్న పిల్లలను పండవెట్టిండ్రా?"

ఆ మాట తూటాలా వెళ్లింది. మామ ఫోను పట్టుకుని బయటికి పోయాడు. ఆ వారమంతా మా ఇంట్లో ఇదే పంచాయితీ. అత్తమ్మ పొద్దున నా వైపు, సాయంత్రం మామ వైపు. మా ఆయన ఏ వైపూ లేకుండా బండికి గాలి కొట్టించుకొస్తానని తప్పించుకునేవాడు. ఆ బండికి అంత గాలి ఎక్కడ పట్టిందో నాకు తెలియదు.

చివరికి మామే దిగొచ్చాడు. నేను బట్టలు ఆరేస్తుంటే దండెం అవతల నిలబడ్డాడు.

"సరే బిడ్డా, పిల్లల కడుపు మాడ్చుడెందుకు? పిల్లల బంతిలనే వెయ్యమన్న. నేను గూడ ఆ బంతిలనే కూసుంట."

ఇంత చిన్న ఉపాయం ఇద్దరికీ ముందే ఎందుకు తట్టలేదా అని నవ్వుకున్నాం. కానీ మా మామ ఊరికే ఉండే మనిషి కాదుగా. ఆ సంతోషంలో ములకలపల్లికి ఫోన్ చేసి మా నాన్నను కూడా రమ్మన్నాడు.

మా నాన్న సీతయ్య పత్తి రైతు. నెమ్మదస్తుడు. పాల్వంచలో మా వ్యాన్ ఎక్కి, మనవడినీ మనవరాలినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. బూర్గంపాడు దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. మామ మాత్రం నా సీటు పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు.

"నవతా, తప్పు చేసిన. నేను పిల్లల బంతిల కూసునేటట్టు లేదు."

"ఎందుకు?"

"మీ నాయిన దీపం పెట్టంది రాత్రి బువ్వ ముట్టడు గదా. పిలిచినోన్ని నేను. వియ్యంకుడు తినకముందు నేను తింటనా?"

నిజమే. దేవుడి దగ్గర దీపం వెలిగితే గానీ మా నాన్న రాత్రి అన్నం ముట్టడు. చేలో ఉన్నా, చుట్టాలింట్లో ఉన్నా అదే పట్టింపు. ఇక మా వైపు పిలిచినవాడు చుట్టం తిన్నాకైనా తినాలి, చుట్టంతోపాటైనా కూర్చోవాలి. ముందు మాత్రం కూర్చోడు. అందులోనూ వియ్యంకుడు.

"నేను నాయినకు చెప్త. ఆయనేం అనుకోడు" అన్నాను.

"ఆయన అనుకోడు. నేను అనుకుంట. చెప్పినవంటే నేనీడనే వంతెన మీద దిగిపోత."

దిగిపోయే మనిషే. నోరు మూసుకున్నాను.

లాంచీ కదిలాక ఆ దిగులు నాకే కాసేపు గుర్తు లేదు. నీళ్ల మీద ఎండ, రెండు వైపులా అడవి, పైన మైకులో పాటలు. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు డెక్కు మీద పరుగులు తీస్తుంటే, మావాళ్లూ వాళ్లలో కలిసిపోయారు. మామ ప్రతి గుట్టనూ చెయ్యెత్తి చూపించాడు, పేర్లు తెలియని వాటికి అప్పటికప్పుడు పేర్లు పెట్టేశాడు.

"తాతా, ఈ గుట్ట కింద బొగ్గుంటదా?" అన్నాడు రాజు.

"ఉంటే మీ తాతను ఇట్ల తిరగనిస్తరారా!" అన్నాడు మామ.

సాయంత్రానికి లాంచీని ఇసుకతిన్నె పక్కన కట్టేశారు. రాత్రి బసకు ఒడ్డున వెదురు గుడిసెలున్నాయి. వంట ముత్తక్కది. గరిటె ఆమె చేతిలో ఉంటే పోతయ్య కూడా అడ్డు రాడు. డెక్కు మీద విస్తళ్లు పరిచి, "పిల్లల బంతి! పిల్లలు రాండ్రి!" అని కేకేసింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చి కూర్చున్నారు. తల్లులం వెనక నిలబడ్డాం.

మామ ముత్తక్క చేతిలోంచి పప్పు బకెట్టు అందుకున్నాడు. ఆమె వద్దన్నా వినలేదు. వరసలో మొదటి పిల్ల నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ వంగి, వేడి చూసుకొమ్మని చెబుతూ వడ్డించుకుంటూ వచ్చాడు. భవానికీ రాజుకూ మధ్య ఒక విస్తరి ఖాళీగా ఉంది. ఎవరో పాప అక్కడ కూర్చోబోతే రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా తాత జాగ."

మామకు వినబడింది. ఇద్దరికీ పప్పు వేశాడు. ఖాళీ విస్తరి వైపు చూడకుండా పక్క పిల్లాడి దగ్గరికి జరిగాడు. ఆ వంగిన వీపు చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బతుకంతా ఇంటివాళ్లతో కలిసి కూర్చోవడం కుదరని మనిషి, అడిగిన ఒక్క కోరిక కూడా తీరకుండా బకెట్టు పట్టుకుని తిరగడమేమిటి?

మా నాన్న లాంచీ ముందు భాగాన కూర్చుని నీళ్లు చూస్తున్నాడు. ఆయన మీద ఎండ లేదు. తలెత్తి చూస్తే ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది గానీ, సూర్యుడు మాత్రం గుట్ట వెనక్కి దిగిపోయాడు. ములకలపల్లిలో మా చేలో అయితే పొద్దు ఇంకా బారెడుండేది. ఇక్కడ కొండల మధ్య అప్పుడే అయిపోయింది. నాన్న కూర్చున్న చోటికి దగ్గర్లోనే చిన్న అలమరలో గంగమ్మ పటం, ముందు ప్రమిద ఉన్నాయి. గబగబా పోతయ్య దగ్గరికి పోయాను.

"పోతయ్యా, దీపం పెట్టవా?"

"ఇంక టైముందమ్మా. డ్యాన్సుకు ముందు పెడత."

"పొద్దు గూకిందా లేదా?"

"గుట్టెనుకకు పోయింది."

"మరి గూకినట్టేనా?"

పోతయ్య తల గోక్కున్నాడు. "గూకినట్టేనమ్మా" అన్నాడు.

"అయితే అగ్గిపెట్టె ఇటియ్యి."

వత్తి వెలిగించి, దండం పెట్టుకుని, మా నాన్న దగ్గరికి వెళ్లాను.

"నాయినా, దీపం పెట్టిన."

నాన్న దీపాన్ని చూశాడు. ఆకాశం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇంత జల్దీనా?"

"ఈడ గుట్టలు పెద్దయి నాయినా."

ఆయన చూపు నా మీది నుంచి డెక్కు మీదికి పోయింది. బకెట్టుతో మామ, పిల్లలిద్దరి మధ్య ఖాళీ విస్తరి కనిపించి ఉంటాయి. నన్ను పెంచిన మనిషికి నా ఎత్తులు తెలియవా? గంగమ్మకు చేతులు జోడించి, కండువా దులిపి లేచాడు.

"బావా! ఆ బకెట్టు ఆడ పెట్టి రాండ్రి. నాకు ఆకలైతాంది. మీరు కూసోకుంటే నేనెట్ల కూసుంట?"

మామ బకెట్టు పట్టుకునే దీపం వైపు చూశాడు. ముత్తక్క మాత్రం గరిటె అడ్డం పెట్టింది.

"పెద్దోళ్లకు బొంగు చికెన్ రెండో బంతికే. ఇంక బొంగులు మంట మీదనే ఉన్నయి. ఇప్పుడు కూసుంటే పప్పు, గుడ్డు. మల్ల నన్ననొద్దు."

మా నాన్న ఒక్క క్షణం ఆగాడు. వెదురు బొంగుల్లో కాలుతున్న కోడి వాసన ఒడ్డు మీంచి అప్పుడే వచ్చింది మరి. గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, "పప్పే మంచిది" అంటూ రాజు పక్కన చతికిలబడ్డాడు.

మామ పిల్లలిద్దరి మధ్యా కూర్చున్నాడు. మొదటి ముద్ద ఎప్పటిలాగే తొందరగా నోట్లో పెట్టుకోబోయాడు గానీ, భవాని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తనకు గుడ్డులో పచ్చసొన నచ్చదు. దాన్ని వేళ్లతో తవ్వి తీసి తాత నోట్లో పెట్టింది. అది నమిలేలోపు రాజు పప్పులో మిరపకాయ దొరికిందని చూపించాడు. అది తీసేలోపు చిన్నదాని విస్తరి గాలికి లేచింది. మా మామ నోట్లో ముద్ద నములుతూ, నవ్వుతూ, మాట్లాడుతూ తినడం నేను మొట్టమొదటిసారి చూశాను. అత్తమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది.

ప్రేమ్‌సాగర్ ఇదంతా ఫోనులో వీడియో తీస్తున్నాడు. కాసేపటికి ఫోను దించాడు. జేబులో పెట్టుకుని నెమ్మదిగా వరస దగ్గరికి వచ్చి, వాళ్ల నాన్న ఎదురుగా నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు.

మిగిలిన విస్తళ్లు ఎత్తేస్తున్న ముత్తక్క చూసింది. "నువ్వేంది సారూ? ఇది పిల్లల బంతి" అంది.

మా ఆయన సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. అప్పుడు మామ రాజును ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ ఖాళీ చేసిన చోటును అరచేత్తో తట్టాడు.

"ముత్తక్కా, వీడు నా పిల్లగాడే. ఇస్తారెయ్యి."

ప్రేమ్‌సాగర్ కూర్చున్నాడు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు. మామ తన విస్తరిలో కలుపుకున్న ముద్దను కొడుకు చేతిలో పెట్టాడు.

"ఉప్పు సరిపోయిందారా?"

"సరిపోయింది నాయినా."

మామ ఇంకో ముద్ద కలపసాగాడు.